సిబ్బంది ఊళ్లలో, మీరు హనుమకొండలో: దూరం నుంచి టీమ్‌ను నడిపించడం ఎలా?

"వాళ్లు ఇంట్ల కూసొని పని చేస్తున్నరో లేదో మీకెట్ల తెలుస్తది సార్?"

వారానికి ఒక్కరైనా నన్ను ఈ మాట అడుగుతారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది నాలాంటి చిన్న ఆఫీసుల వాళ్లే. పదిమందో పదిహేను మందో సిబ్బంది, అందులో సగం ఇళ్ల నుంచి పని, నెలాఖరుకు యజమానికి బీపీ. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మాది హనుమకొండలో అకౌంట్లు, జీఎస్టీ రిటర్నులు చూసే ఆఫీసు. పదకొండు మందిమి. ముగ్గురం ఆఫీసులో కూర్చుంటాం. మిగతా ఎనిమిది మంది పరకాల, నర్సంపేట, జనగామ, మహబూబాబాద్, హుజూరాబాద్‌లలో తమ ఇళ్ల నుంచే పనిచేస్తారు. 2020 లాక్‌డౌన్‌లో గత్యంతరం లేక మొదలుపెట్టాం, తర్వాత కావాలనే కొనసాగించాం. హనుమకొండలో రూము అద్దె కట్టి, హోటల్ తిండి తిని మిగుల్చుకునే దానికంటే సొంతింట్లో ఉండి అదే జీతం తీసుకోవడం వాళ్లకు మేలు. పని నేర్చిన మనుషులు వదిలి వెళ్లిపోకుండా ఉండటం మాకు మేలు.

పై ప్రశ్నకు నా జవాబు ఒక్కటే. మనిషి కనపడనక్కర్లేదు, పని కనపడితే చాలు. అది కనపడేలా ఏర్పాటు చేయాల్సింది మాత్రం మీరే. ఆ ఏర్పాటు లేనప్పుడే అనుమానం పుడుతుంది. అనుమానం పుట్టాక మంచి మనుషులు కూడా పని చేయడం తగ్గించి, చేస్తున్నట్టు కనిపించడానికి కష్టపడతారు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- అందరూ తెరవగలిగే పనుల షీటు ఒకటి. గూగుల్ షీట్ చాలు. మాలాంటి టీమ్‌కు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.
- వీడియో కాల్‌కు ఒకే యాప్. ఉచితంగా వాడితే ముగ్గురు, అంతకుమించి ఉన్న కాల్ గూగుల్ మీట్‌లో 60 నిమిషాలకు, జూమ్‌లో 40 నిమిషాలకు ఆగిపోతుంది. మీటింగులు అంతకు మించి సాగకపోవడమే మంచిది.
- ప్రతి ఇంట్లో రెండు నెట్‌లు. వైఫై ఒక కంపెనీది, ఫోన్ సిమ్ ఇంకో కంపెనీది ఉండాలి. రెండూ ఒకరివే అయితే పోయిన రోజు రెండూ కలిసే పోతాయి.
- రౌటర్‌కు చిన్న యూపీఎస్. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటర్ మాత్రం ఆ క్షణమే ఆగిపోతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూడండి. చాలావాటికి 12 వోల్టులు, కొన్నింటికి 9. ఎక్కువ వోల్టులది పెడితే రౌటర్ కాలిపోవచ్చు.
- మంచి హెడ్‌ఫోన్, నడుము నొప్పి రాని కుర్చీ. నెట్ బిల్లుతో సహా ఈ ఖర్చంతా మీదే. ఆఫీసుకు వస్తే కుర్చీ మీరే వేసేవారు కదా.
- ఒక్కొక్కరికీ పదిహేను రోజులకోసారి మీ అరగంట. ఈ జాబితాలో దొరకడం కష్టమైంది ఇదే. దీన్ని తప్పించుకుంటే మిగతావన్నీ ఉండి కూడా లాభం లేదు.

1. పని అప్పగించే ముందు ఇంటి వీలు అడగండి

నాలుగు ప్రశ్నలు చాలు. కరెంటు మామూలుగా ఏ వేళల్లో పోతుంది? తలుపు వేసుకొని కూర్చునే చోటుందా? రోజులో ఏ గంటలు ఇంటి పనికి తప్పవు? ల్యాప్‌టాప్ ఇంట్లో ఇంకెవరైనా వాడతారా? చివరిది మరీ ముఖ్యం, ఎందుకంటే క్లయింట్ల పోర్టల్ వివరాలు అందులోనే ఉంటాయి. పాస్‌వర్డులు వాట్సాప్‌లో పంపే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

ఇంటి ఫోటో, వీడియో అడగవద్దు. ఒకే గదిలో నలుగురు ఉండే ఇల్లు మనకు చూపించాల్సి రావడం వాళ్లకు చిన్నతనంగా ఉంటుంది.

కరెంటు కోతకు ఫిర్యాదు నంబరు 1912. మన ఉత్తర జిల్లాలకు కరెంటిచ్చే ఎన్‌పీడీసీఎల్ ముఖ్య కార్యాలయం హనుమకొండలోనే ఉంది. మరమ్మతుల కోసం ముందే చెప్పి తీసే కోతలైతే పేపర్ జిల్లా పేజీల్లో వస్తుంటాయి. అది చూసి రాత్రే గ్రూపులో పెట్టే పని మా ఆఫీసులో ఒకరికి అప్పగించాం.

ఇంట్లో చోటు కుదరనివాళ్లకు ప్రత్యామ్నాయం ఉంది. ఒకే పట్టణంలో ఇద్దరు ముగ్గురుంటే అక్కడే చిన్న గది అద్దెకు తీసుకోవచ్చు. పరకాలలో మేం అదే చేశాం.

2. "అయిపోయింది" అంటే ఏమిటో కాగితం మీద పెట్టండి

నా అనుభవంలో నష్టమంతా ఇక్కడే జరిగింది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఒక నెల 20వ తేదీ రాత్రి ఒకబ్బాయి "అన్నీ అయిపోయినయ్ సార్" అని మెసేజ్ పెట్టాడు. జీఎస్టీఆర్-3బి అనే నెలవారీ పన్ను రిటర్నుకు అదే ఆఖరి తేదీ. నేను నిశ్చింతగా పడుకున్నాను. మూడు రోజుల తర్వాత చూస్తే ఒక క్లయింటుకు చలానా తీసి ఉంది, డబ్బు కట్టలేదు, రిటర్ను వెళ్లలేదు. ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. ఆఫీసు డబ్బులోంచే కట్టాం.

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. తన లెక్కలో చలానా తీసి క్లయింటుకు పంపితే తన పని అయిపోయినట్టే. కాదని నేనెప్పుడూ చెప్పలేదు. ఆఫీసులో పక్క కుర్చీలో ఉండి ఉంటే "కట్టిండా?" అని అలవాటుగా అడిగేవాణ్ణి. దూరమయ్యేసరికి ఆ నోటిమాట పోయింది, దాని స్థానంలో రాతలో ఏమీ పెట్టలేదు.

ఇప్పుడు మా షీట్లో ఒక్కో క్లయింటుకు ఆరు గడులున్నాయి: బిల్లులు వచ్చాయి, ఎంట్రీ అయింది, 2బితో (కొనుగోళ్ల మీద పన్ను క్రెడిట్ ఎంతో జీఎస్టీ పోర్టల్ చూపే పట్టిక) సరిచూశాం, క్లయింటు సరేనన్నారు, డబ్బు కట్టారు, ఏఆర్ఎన్ నంబరు (రిటర్ను వెళ్లినట్టు పోర్టల్ ఇచ్చే రసీదు నంబరు). చివరి గడిలో నంబరు పడితేనే అయిపోయినట్టు. టిక్కు మార్కుకు అక్కడ చోటు లేదు. ఆ పక్కన "ఎవరి కోసం ఆగింది" అని ఇంకో గడి పెట్టాం. ఓటీపీ క్లయింటు ఫోన్‌కు వెళుతుంది, ఆయన పెళ్లిలో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. మా వాళ్ల తప్పు లేకుండానే పని ఆగే సందర్భాల్లో ఇది మొదటిది. ఆ గడి చూసి క్లయింటుకు ఫోన్ చేయడం నా పని.

గడువును కూడా ముందుకు జరపండి. 14న 2బి వస్తుంది, 20 ఆఖరు. మాకు మాత్రం 18 ఆఖరు. మిగిలిన రెండు రోజులు నెట్ పోయినా, జ్వరం వచ్చినా, పోర్టల్ మొరాయించినా ఆదుకుంటాయి.

సరిగ్గా రాశారో లేదో తేలాలంటే ఆ పనితో సంబంధం లేని ఒకరికి షీటు ఇచ్చి "ఈ క్లయింటు పని ఎక్కడిదాకా వచ్చింది?" అని అడగండి. మిమ్మల్నిగానీ, పని చేసేవాళ్లనుగానీ ఏమీ అడగకుండా చెప్పగలిగితే షీటు బాగున్నట్టే.

మీది వేరే రకం పనైనా పద్ధతి ఇదే. డిజైన్ అయితే "క్లయింటు ఒప్పుకున్న ఫైలు ఫోల్డర్‌లో ఉంది", కస్టమర్ ఫోన్లయితే "ఫిర్యాదు మూసి, ఆయనకు మెసేజ్ వెళ్లింది". చివర్లో చూపించగల గుర్తు ఒకటి ఉండాలి.

3. కలిసి ఉండే గంటలు కొన్నే పెట్టండి

మాకు ఉదయం 10:30 నుంచి 12:30, మధ్యాహ్నం 3 నుంచి 4. ఈ మూడు గంటలు ఫోన్ ఎత్తాలి, మెసేజ్‌కు జవాబివ్వాలి. మిగతా గంటలు ఎవరి వీలు వాళ్లది. రాత్రి 7 దాటాక నేను మెసేజ్ పెట్టను. గుర్తొచ్చినవి రాసి పెట్టుకొని పొద్దున పంపుతాను. యజమాని రాత్రి పదింటికి "రేపు చూడు" అని పెట్టినా, అవతలివాళ్లు ఆ రాత్రే చూస్తారు.

కస్టమర్ కాల్స్ తీసుకునే టీమ్ అయితే ఈ పద్ధతి కుదరదు, షిఫ్టు తప్పదు. అప్పుడు షిఫ్టు వారం ముందే చెప్పండి, మధ్యలో మార్చకండి.

హెచ్చరిక: స్క్రీన్ ఫోటోలు తీసే సాఫ్ట్‌వేర్, రోజంతా కెమెరా ఆన్‌లో పెట్టించడం, గంటగంటకూ "ఏం చేస్తున్నవ్?" అని అడగడం, ఈ మూడింటి జోలికి వెళ్లకండి. మొదటి ఏడాది మూడోది నేను చేశాను. నెలలోనే ఇద్దరు మానేశారు, ఇద్దరూ పనిమంతులే.

4. ఆఫీసులో ఉన్నవాళ్ల టీ దగ్గర నిర్ణయాలు ఆపండి

సగం మంది ఆఫీసులో, సగం ఇళ్లలో ఉండే చోట ఈ తప్పు తెలియకుండానే జరిగిపోతుంది. ముగ్గురం టీ తాగుతూ "ఈ క్లయింటును ఆమెకిద్దాం" అనుకుంటాం. ఆమెకు రెండు రోజుల తర్వాత తెలుస్తుంది. అలా నాలుగుసార్లు జరిగితే ఇళ్లలో ఉన్నవాళ్లు తాము రెండో రకం సిబ్బందిమని అనుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

టీ దగ్గర అనుకున్నది గంటలోపు షీట్లోకి ఎక్కాలి. కాల్‌లో ఒక్కరు దూరంగా ఉన్నా ఆఫీసులోని ముగ్గురం కూడా ఎవరి కంప్యూటర్ దగ్గర వాళ్లం హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చుంటాం. జీతాల పెంపు వేళ ముందుగా ఇళ్ల నుంచి పనిచేసేవాళ్ల పేర్లు తీసి చూస్తాను, కళ్లెదుట ఉన్నవాళ్లే ముందు గుర్తొస్తారు కాబట్టి.

5. పదిహేను రోజులకోసారి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి

"అంతా ఓకేనా?" అని అడిగితే "ఓకే సార్" అనే వస్తుంది. మన దగ్గర పైవాళ్లకు కష్టం చెప్పుకోవడం మర్యాద కాదనుకుంటారు. అందుకే వేరేలా అడగండి:

"ఈ వారం ఏ పని దగ్గర ఎక్కువసేపు ఆగినవ్?"
"నేను చేసి ఇయ్యాల్సింది ఏదన్న లేటైందా?"
"వచ్చే పదిహేను రోజుల్ల ఇంట్ల ఏమన్న పనులున్నయా? ముందే సర్దుకుందాం."

అడిగాక ఆగండి. ఫోన్లో నాలుగు సెకన్ల నిశ్శబ్దం చాలా పెద్దగా అనిపిస్తుంది, మనమే ఏదో ఒకటి అనేస్తాం. అనకండి. అసలు సంగతి ఆ నిశ్శబ్దం తర్వాతే వస్తుంది.

నర్సంపేట నుంచి పనిచేసే అమ్మాయి ఎంట్రీలు కొన్నాళ్లపాటు రాత్రి పదకొండు దాటాక వస్తుండేవి. ఎంత శ్రద్ధో అనుకొని గ్రూపులో మెచ్చుకున్నాను. వారం తిరిగేసరికి ఇంకో ముగ్గురు రాత్రిళ్లు పనిచేయడం మొదలుపెట్టారు. తర్వాత విడిగా మాట్లాడినప్పుడు మూడో ప్రశ్న దగ్గర ఆమె ఆగింది.

"అత్తమ్మకు డయాలసిస్ సార్. వారంల మూడు రోజులు వరంగల్ తీస్కపోవాలె. వచ్చి, వంట చేసి, పిల్లలు పండుకున్నంక కూసుంటున్న."

"ఎన్ని రోజులనుంచి అమ్మా?"

"రెండు నెల్లాయె."

రెండు నెలలు! ప్రతి సోమవారం నాతో కాల్‌లో ఉంది, నేను అడగలేదు. ఆమె సాయం కూడా కోరలేదు, తన పరిస్థితి అర్థం చేసుకుంటే చాలనుకుంది. ఆ మూడు రోజులు ఆమెకు గడువున్న పని ఇవ్వడం మానేశాం. క్లయింట్లతో మాట్లాడే పని ఇంకొకరికిచ్చి, ఆమెకు పొద్దున ఆరింటికి చేసుకోగల సరిచూసే పని ఇచ్చాం. జీతం తగ్గించలేదు. గ్రూపులో నేను మెచ్చుకున్న మాటను నేనే వెనక్కి తీసుకొని, రాత్రి పని చేయొద్దని రాశాను.

ఎవరైనా నిద్ర పట్టడం లేదని, దేనిమీదా మనసు నిలవడం లేదని చెబితే సలహాలు మొదలుపెట్టకండి. వినండి, సెలవివ్వండి, టెలిమానస్ 14416 నంబరు చెప్పండి. ప్రభుత్వం నడిపే ఉచిత సేవ అది, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. విన్నది ఆఫీసులో ఇంకెవరికీ చెప్పకండి. ఆ ఒక్కటి తప్పితే ఇక ఎవరూ మీకేమీ చెప్పరు.

6. తప్పు విడిగా చెప్పండి, మెప్పు వివరంగా చెప్పండి

తప్పును గ్రూపులో పెట్టవద్దు, అంతే. మెచ్చుకునేటప్పుడు బొటనవేలి బొమ్మ పెట్టి వదిలేయకండి. "ఆ బిల్లులో హెచ్ఎస్ఎన్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే నంబరు) తేడా పట్టుకున్నవ్, లేకుంటే నోటీసు వచ్చేది" అనండి.

"ఒకసారి కాల్ చెయ్" అని మాత్రం ఎప్పుడూ పంపకండి. మీరు కాల్ ఎత్తేదాకా అవతలి మనిషికి గుండె దడే. "ఫలానా క్లయింటు బిల్లుల గురించి అయిదు నిమిషాలు, తొందరేం లేదు" అని రాస్తే మీకు పోయేదేమీ లేదు.

7. మహిళా సిబ్బంది విషయంలో చట్టం తెలుసుకోండి

పదిమంది, అంతకు మించి ఉన్న చోట 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం అంతర్గత కమిటీ తప్పనిసరి. అంతకన్నా తక్కువుంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఇంటి నుంచి పని కాబట్టి ఇది మనకు కాదనుకోకండి. రాత్రిపూట అక్కర్లేని మెసేజ్‌లు, వీడియో కాల్‌లో వెకిలి మాటలు కూడా వేధింపులే. కమిటీ వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అందరికీ రాసి పంపండి.

2017 సవరణ తర్వాత మెటర్నిటీ సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. ఆ సెలవయ్యాక, పని స్వభావం ఒప్పుకుంటే, యజమాని, ఉద్యోగిని మాట్లాడుకొని ఇంటి నుంచి పని చేసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. ఆఫీసుకు వచ్చే ఉద్యోగినులకు కూడా ఈ సంగతి చెప్పండి.

8. గడువుల పక్కన పండుగలు పెట్టి క్యాలెండర్ వేయండి

మా గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో 7 టీడీఎస్, 11 జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 15 పీఎఫ్, 20 జీఎస్టీఆర్-3బి. ఆకుపచ్చ సిరాతో ఊళ్ల సంగతులు. బతుకమ్మ తొమ్మిది రోజులు సాయంత్రం అయిదు తర్వాత ఆడపిల్లలకు కాల్ పెట్టం, సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నమే ముగిస్తాం. జూన్, జూలైలో విత్తనాలు, అక్టోబర్, నవంబర్‌లో పత్తి ఏరడం. మా ఎనిమిది మందిలో అయిదుగురి ఇళ్లలో వ్యవసాయం ఉంది.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో. 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. జాతర రోజుల్లో ములుగు, తాడ్వాయి దారిలో బండి కదలదు, జనం ఎక్కువై ఫోన్ కలవదు. "అక్కడి నుంచి చూసుకుంటా సార్" అనే మాటను ఒప్పుకోకండి, పూర్తి సెలవివ్వండి. తల్లి దగ్గరికి బంగారం (మొక్కు బెల్లం) తీసుకెళ్లే మనిషి చేతిలో ల్యాప్‌టాప్ ఎందుకు? ముందే వంతులు వేసుకుంటే సగం మంది ముందు, సగం మంది తర్వాత మొక్కు తీర్చుకోవచ్చు.

వానాకాలానికి ఒక నియమం. 2023 జూలై చివరి వారం వానలకు వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అలాంటి రోజు మీ మొదటి మెసేజ్ క్షేమం గురించే ఉండాలి. "అందరు మంచిగున్నరా? పని సంగతి నేను చూసుకుంటా." క్లయింట్లకు ఫోన్ చేసి గడువు మాట్లాడుకోవడం ఆ రోజు మీ బాధ్యత.

9. నెలకోసారి అందరూ కలవండి

మేం నెలలో 22వ తేదీ తర్వాత ఒక శుక్రవారం హనుమకొండలో కలుస్తాం. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి వాళ్లకు ఖర్చు లేదనుకోకండి, ఇంటి నుంచి బస్టాండ్‌కు ఆటో ఉంటుంది. అందరికీ దారి ఖర్చు, భోజనం ఆఫీసుదే. ఆ రోజు లెక్కలు తీయం. రానివాళ్లను ఎందుకు రాలేదని అడగం.

కొత్తగా చేరినవాళ్లు మాత్రం మొదటి రెండు వారాలు ఆఫీసుకే రావాలి. చూసి నేర్చుకునేవి ఫోన్లో రావు.

నిజంగానే పని చేయకపోతే?

అలాంటివాళ్లూ ఉంటారు. వరుసగా చూడండి. ముందు ఇల్లు: నెట్, అనారోగ్యం, జాగా. తర్వాత పని వచ్చా రాదా: పక్కన కూర్చోబెట్టుకొని ఒక రిటర్ను చేయించండి, గంటలో తెలిసిపోతుంది. రెండూ బాగుంటే నెల రోజులకు చిన్న చిన్న గడువులు రాసిచ్చి, వారం వారం కలిసి చూడండి. అప్పటికీ మారకపోతే మర్యాదగా, చట్టప్రకారం నోటీసు, బకాయిలు ఇచ్చి పంపించండి. నేను ఇన్నేళ్లలో ఒక్కరిని అలా పంపాను. ఆ ఒక్కరి కోసం మిగతా పదిమంది మీద నిఘా పెట్టవద్దు.

బాగా నడుస్తోందని ఎలా తెలుస్తుంది?

రెండు నెలలయ్యాక ఈ నాలుగూ చూడండి.

- చెడు కబురు మీకు ఎప్పుడు అందుతోంది? గడువుకు నాలుగు రోజుల ముందే "ఇది కాకపోవచ్చు సార్" అని చెబుతున్నారంటే టీమ్ ఆరోగ్యంగా ఉంది. గడువు రాత్రి తెలుస్తోందంటే మీకు చెప్పడానికి భయపడుతున్నారు. నేను ముందు చూసేది దీన్నే.
- తిప్పి పంపిన పనులు తగ్గాయా? తగ్గకపోతే రెండో మెట్టు మళ్లీ చదవండి.
- రాత్రి 8 దాటాక వచ్చిన మెసేజ్‌లు ఎన్ని? వాటిలో మీరు మొదలుపెట్టినవి ఎన్ని?
- సెలవులు ఎవరు అసలు వాడుకోలేదు? ఆ పేరు గుర్తుపెట్టుకొని ఈ వారమే వాళ్లకు ఫోన్ చేయండి. ఎందుకు చేస్తున్నారో మెసేజ్‌లో ముందే రాయండి.